బొంత అడుగున మడత ఎక్కడ పుడుతుంది

కొత్త చీరకి ఫాల్ కుట్టే ముందు ఆ ఫాల్‌ని నీళ్లలో నానేసి, ఆరేసి, ఇస్త్రీ చేయాలని ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. వినకుండా కుట్టేస్తే ఏమవుతుందో ఒక ఉతుకు పడగానే తెలుస్తుంది. ఫాల్ కుదించుకుపోతుంది, చీర కుదించుకోదు, కుచ్చిళ్ల దగ్గర అంచంతా అలలు అలలుగా లేచి కూర్చుంటుంది, ఎంత ఇస్త్రీ పెట్టె తిప్పినా అణగదు. తడపని లైనింగుతో కుట్టిన జాకెట్టుదీ ఇదే కథ. చేత్తో కుట్టిన బొంతని, అంటే ఇప్పుడు చాలామంది క్విల్ట్ అంటున్న దాన్ని, తిరగేసి చూసినప్పుడు అడుగు గుడ్డ మీద కనబడే ముడతల వెనక లెక్క కూడా దాదాపు ఇంతే. రెండు గుడ్డల్ని ఒకదానికొకటి కుట్టేశాక వాటి పొడవుల్లో తేడా వస్తే, ఎక్కువ ఉన్నది ఎక్కడో ఒకచోట పైకి లేవాలి. పక్కకి పోదామంటే దారి లేదు, కుట్టు అడ్డం ఉంది.

ఎందుకిలా అయిందని అడిగితే, దారం ఎక్కువ లాగేశాం, కుట్టు బిగిసిపోయింది అంటారు చాలామంది. కొన్నిసార్లు అది నిజమే. ఎక్కువసార్లు మాత్రం ఆ పాపం సూదిది కాదు. పై గుడ్డ, మధ్యలో దూది, అడుగు గుడ్డ, ఈ మూడు పొరలనీ నేలమీద పరిచిన పూటే మడత లోపల పడి ఉంటుంది, కనబడదు అంతే. తర్వాత నెలల తరబడి సాగే కుట్టు దాన్ని కొంచెం కొంచెంగా తోసుకుంటూ పోయి ఒక మూలకి చేర్చి అక్కడ బిగించేస్తుంది. కుట్టేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉన్నా ఫలితం లేదని కొందరు విసుగు పడేది ఇందుకే, జాగ్రత్త పడాల్సిన పూట అప్పటికే దాటిపోయి ఉంటుంది.

ముందు పేర్లు విడదీసుకుంటే మంచిది. అన్నిటినీ కలిపి ముడతలు అనేస్తే మందు కూడా కలగాపులగం అవుతుంది. గుడ్డ తన మీద తానే పడి, ఆ పడ్డదాని మీదుగా కుట్టు వెళ్లిపోతే అది మడత. వేలితో తడిమితే చిన్న గట్టులా తగులుతుంది, ఎన్ని ఉతుకులు పడ్డా పోదు. గుడ్డ కంటే దారం పొట్టిదై, కుట్టు వరస పొడవునా బట్ట దగ్గరికి లాక్కుని ఉంటే అది కుచ్చు, లంగా నడుము దగ్గర దారం లాగితే వచ్చేలాంటిది. ఇది రెండు వైపులా కనబడుతుంది. ఇక మూడోది ఉతికాక బొంత మొత్తం మీద సమంగా వచ్చే మెత్తటి ముడత. దూది పొర, నూలు గుడ్డ కొంత కుదించుకుంటే దారం ఉన్నచోట పల్లం, లేనిచోట మిట్ట ఏర్పడతాయి. ఈ మూడోదాన్ని తప్పుగా చూడటమే తప్పు. పాత బొంతకి ఆ నలిగిన అందం, ఒంటికి అంటుకునే మెత్తదనం వచ్చేది దానివల్లే. పడమటి దేశాల్లో క్విల్ట్‌లు కుట్టేవాళ్లలో కొందరు పనిగట్టుకుని ఉతకని దూది పొరనే లోపల పెడతారు, తర్వాత అలా నలగాలని. నూలు దూది షీట్లు రకాన్ని బట్టి నూటికి 3 నుంచి 5 వంతుల దాకా కుదించుకుంటాయి, పాలిస్టర్ పొర దాదాపు కదలదు. మూడు పొరలూ ఇంచుమించు ఒకే పాళ్లలో కుదించుకుంటే అందం, ఒక్కటే కుదించుకుంటే ఫాల్ సంగతే మళ్లీ మొదలు.

మడత ఏ వైపు వచ్చిందన్నది చూస్తే సగం రోగం తెలిసిపోతుంది. అడుగున మడత ఉంది, పైన శుభ్రంగా ఉందంటే అడుగు గుడ్డ మిగతా రెండు పొరల కంటే పొడవు ఎక్కువగా ఇరుక్కుందని అర్థం. దానికి రెండు దారులు. ఒకటి, అడుగు గుడ్డని వదులుగా పరిచి ఉండాలి. రెండోది చాలామందికి తట్టదు: అడుగు గుడ్డ బాగానే పరిచారు, పై గుడ్డనే చేత్తో రాసి రాసి సాగదీసి కలిపారు. పరిచేటప్పుడు నేలకి అతికించిన టేపులు తీయగానే సాగిన పై గుడ్డ తన అసలు కొలతకి వెనక్కి వస్తుంది, దాంతోపాటు దూదినీ లాక్కొస్తుంది, అడుగుది అలాగే ఉండిపోతుంది. ముక్కలు అతికిన పై గుడ్డల్లో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే వాటిలో క్రాస్‌గా, అంటే పోగులకి ఏటవాలుగా, కత్తిరించిన అంచులు చాలా ఉంటాయి, క్రాస్‌లో గుడ్డ రబ్బరులా సాగుతుంది. దీనికి తలకిందులు కూడా ఉంది. అడుగు గుడ్డని డోలు చర్మంలా లాగి నేలకి అతికిస్తే, టేపు తీశాక అది ముడుచుకుని పై గుడ్డ బుడగలు లేస్తుంది. 90 అంగుళాల అడుగు గుడ్డని నూటికి ఒక్క వంతు సాగదీసినా అంగుళానికి కాస్త తక్కువ తేడా, చేతికి అంత లాగినట్టు కూడా అనిపించదు. కాబట్టి బిగుతు ఎంత అన్నది పెద్ద ప్రశ్న కాదు. మూడు పొరలకీ ఒకే బిగుతు ఉందా లేదా అన్నదే ప్రశ్న.

పరచడం సంగతి. పెద్ద గది, తుడిచిన గచ్చు లేదా టైల్స్ నేల, పెయింటర్లు వాడే కాగితం టేపు ఉంటే చాలు. అడుగు గుడ్డ పై గుడ్డ కంటే నాలుగు వైపులా బెత్తెడు పెద్దదిగా ఉండాలి. మంచి వైపు నేలకి, తిరగ వైపు పైకి వచ్చేలా పరిచి, ముందు ఒక పక్క నడిమధ్యలో టేపు వేసి, దానికి సరిగ్గా ఎదురు పక్క మధ్యలో వేసి, తర్వాత మిగతా రెండు పక్కల మధ్యలు, అక్కడి నుంచి మూలల వైపు వెళ్లాలి. మూలలు ఆఖరున. మూలలతో మొదలుపెడితే గుడ్డ క్రాస్‌లో సాగి మధ్యలో సంచిలా వదులు మిగులుతుంది. ఎంత లాగాలి అనేదానికి ఒక చిన్న పరీక్ష ఉంది: అరచేత్తో రాస్తే ముందు అల లేవకూడదు, ఒక టేపు ఊడదీస్తే గుడ్డ వెనక్కి లాక్కోకూడదు. ఈ రెండింటి మధ్య ఉన్నదే కావలసిన బిగుతు. తర్వాత దూది పొర, దాన్ని కవర్‌లోంచి తీసిన వెంటనే కాకుండా ఒక రాత్రంతా విప్పి పడేసి ఉంచితే మడతలు తేరుకుంటాయి. దాని మీద పై గుడ్డ, మధ్యలోంచి అంచులకి తేలిగ్గా రాయాలి, తోయకూడదు, లాగకూడదు. ఇదంతా మంచం మీదో పరుపు మీదో చేద్దామనుకునేవాళ్లు ఉంటారు. మెత్తటిదాని మీద ఏదీ సాపుగా పడుకోదు, ఆ ఆలోచన మానుకోవడమే మేలు. నడుం నొప్పికి భయపడితే రెండు బల్లలు కలిపి వేసుకుని క్లిప్పులతో బిగించుకోవచ్చు.

గుడ్డ ఎంపిక దగ్గర మన ఇళ్లలో కొన్ని ప్రత్యేకమైన చిక్కులున్నాయి. మన బొంతలకి అడుగు గుడ్డ అంటే సాధారణంగా పాత నూలు చీర. అది ఎన్నో ఉతుకులు తిని ఇక కుదించుకోవడానికి ఏమీ మిగలకుండా ఉంటుంది కాబట్టి ఆ వైపు నుంచి భయం లేదు, సూదికి కూడా వెన్నలా ఉంటుంది. భయమంతా అంచుతో. చీర అంచు నేత ఒడలు నేత కంటే దట్టంగా ఉంటుంది, ఒక్కోసారి దారమే వేరు, జరీ ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. అంచు సాగదు, ఒడలు సాగుతుంది, పక్కపక్కనే ఉన్న ఈ రెండూ ఒకేలా పరుచుకోవు. అంచు ఉంచితే అందంగా ఉంటుందని ఆశపడి ఉంచేస్తే దాని పక్కన పొడుగునా చిన్న చిన్న అలలు ఖాయం. కత్తిరించి తీసేసి, కావాలంటే చివర్లో పట్టీగా విడిగా వేసుకోవడం నయం. కొంగు వైపు కూడా అంతే, నేత మారే చోటు వరకు వదిలేయాలి. ఇంకొకటి, ఏళ్ల తరబడి కట్టిన చీరలో అన్ని చోట్లా అరుగుదల ఒకేలా ఉండదు. బాగా నలిగిన చోట గుడ్డ పల్చబడి వదులుగా జారుతుంది. వెలుతురుకి పట్టి చూసి పల్చటి భాగాలు తప్పించాలి.

కొత్త గుడ్డ కొంటే తడిపి ఆరేయడం తప్పనిసరి, ఇందులో బద్ధకానికి చోటు లేదు. పెడన బ్లాక్ ప్రింట్ గుడ్డల్లాంటివైతే రంగు దిగుతుందేమో కూడా అప్పుడే తెలుస్తుంది. పైగా నిండుగా పూలు, తీగలు ఉన్న ప్రింట్ గుడ్డ అడుగున వేస్తే చిన్నా చితకా లోపాలు అందులో కలిసిపోతాయి, తెల్లటి సాదా గుడ్డ ఒక్క దాన్ని కూడా దాచదు. మొదటి బొంతకి ప్రింట్ వేసుకోవడం మోసం కాదు, తెలివి. పన్నా చాలక రెండు ముక్కలు కలపాల్సి వస్తే అతుకు నడిమధ్యకి రాకుండా చూసి, అతుకు లోపలి అంచుల్ని రెండు వైపులకీ విప్పి ఇస్త్రీ చేయాలి, ఒకే వైపు పడితే అక్కడ మందం ఎక్కువై కుట్టు వంకర పోతుంది. పన్నా సమస్య రాకూడదని డబుల్ కాట్ దుప్పటినే అడుగున వేసేవాళ్లు ఉన్నారు. చూడటానికి సుళువు, కుట్టడానికి నరకం. దట్టంగా నేసిన దుప్పటి గుడ్డలో పోగుల మధ్య చోటుండదు, సూది దూరాలంటే పోగుల్ని పక్కకి నెట్టాలి, దారం దూరాక ఆ నెట్టిన పోగులకి వెనక్కి రావడానికి చోటు లేదు, అందుకని ప్రతి కుట్టు దగ్గరా సన్నటి ముడత నిలిచిపోతుంది. ఇది బిగుతుతో సంబంధం లేని ముడత, ఎంత వదులుగా కుట్టినా వస్తుంది. సన్న సూది, సన్న దారం వాడితే తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఇక నిలువు పోగు, అడ్డ పోగు సంగతి: పడుగు దిశలో గుడ్డ తక్కువ సాగుతుంది, పేక దిశలో ఎక్కువ. బొంత పొడవుకి పడుగు వచ్చేలా వేసుకుంటే సగం చింత తీరినట్టే.

మధ్య పొర దగ్గర ఎక్కువ చెప్పడానికి లేదు. ఒకప్పుడు దూదేకులవాళ్లు ఏకి ఇచ్చిన విడి దూదిని చేత్తో పరిచి కుట్టేవాళ్లు, దాంట్లో మందం సమంగా రావడం చేతివాటం మీద ఉండేది. దూది గడ్డ కట్టిన చోట గుడ్డ ఎక్కి దిగాలి, పల్చగా ఉన్నచోట అక్కర్లేదు, ఆ తేడా అడుగున కనబడేది. ఇప్పటి షీట్లలో ఆ ఇబ్బంది లేదు కానీ, బాగా లావుగా పొంగి ఉండే పాలిస్టర్ పొర వేస్తే పై గుడ్డకీ అడుగు గుడ్డకీ మధ్య దూరం పెరిగి రెండూ ఒకదాని మీద ఒకటి జారడానికి అవకాశం ఎక్కువ. చేతికుట్టుకి పల్చటి దూది పొరే తేలిక. పాత చీరల పొరలే పెట్టి కుట్టే బొంతలో అయితే దూది ఊసే లేదు, కానీ పొరలు ఎన్ని పెరిగితే జారే జంటలు అన్ని పెరుగుతాయి.

కచ్చా కుట్లు, అంటే పొరలు కదలకుండా ముందు తాత్కాలికంగా వేసి తర్వాత తీసేసే కుట్లు, వేయడం అందరికీ విసుగు పుట్టించే పని, అందుకే అందరూ తగ్గించేసేది కూడా ఇదే. జానెడుకొక వరస వేసి సరిపెట్టేస్తారు. జానెడంటే సుమారు 9 అంగుళాలు, అంత ఖాళీలో గుడ్డ హాయిగా కదులుతుంది. బెత్తెడుకొక వరస, అంటే 3 నుంచి 4 అంగుళాలకి ఒకటి, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి గళ్లు పడేలా వేస్తే అడుగు గుడ్డకి కదలడానికి చోటు మిగలదు. మధ్యలో మొదలుపెట్టి నాలుగు వైపులకీ పోవాలి. దారం తెల్లదైనా లేత రంగుదైనా ఉండాలి, ముదురు రంగు దారం తీశాక నూగు వదిలిపోతుంది. పిన్నీసులు త్వరగా అయిపోతాయి నిజమే. కానీ ప్రతి పిన్నీసూ గుడ్డని కొద్దిగా గిల్లి పట్టుకుంటుంది, కుట్టేటప్పుడు గుడ్డని పట్టి ఉంచే గుండ్రటి ఫ్రేమ్, అంటే రింగ్, బిగించడానికి అడ్డం వస్తుంది, నెలల తరబడి సాగే చేతిపనిలో తుప్పు మరక భయం కూడా ఉంది. వారంలో అయిపోయే చిన్న ముక్కకి పిన్నీసులు చాలు, పెద్ద బొంతకి దారమే. ఇంకో మాట, టేపులు తీయకముందు అంచులన్నిటికీ ఒక వరస కచ్చా కుట్టు పూర్తయి ఉండాలి, తీశాక వెంటనే తిరగేసి వెలుతురులో చూడాలి. అప్పుడు కనబడిన మడతకి పది నిమిషాలు చాలు, మూడు నెలల తర్వాత కనబడిన దానికి ఒక ఆదివారం పోతుంది.

ఇక కుట్టు నడిచే దారి. మధ్యలోంచి బయటికి కుట్టాలని అందరూ చెబుతారు, ఎందుకో తక్కువమంది చెబుతారు. కుట్టు వరస ముందుకి పోయేకొద్దీ తన ముందు ఉన్న వదులుని కొంచెం కొంచెంగా తోసుకుంటూ పోతుంది, చపాతీ కర్ర ముందు పిండి జరిగినట్టు. ఆ వదులు అంచుదాకా చేరితే బయటికి పోతుంది, బాధ లేదు. దారిలో అంతకుముందే కుట్టేసిన అడ్డ వరస తగిలితే అక్కడ ఆగిపోతుంది. అడుగు గుడ్డ మీద మడతలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తుపెట్టి చూస్తే చాలావరకు రెండు వరసలు కలిసే చోటికి కాస్త ముందు దొరుకుతాయి, అది అందుకే. మూసుకుపోయే ఆకారాలు ఇంకా మొండివి. పెద్ద వృత్తం చుట్టూ కుట్టేసి తర్వాత లోపల పువ్వు కుట్టడం మొదలుపెడితే, లోపల ఉన్న వదులు బయటపడటానికి గుమ్మమే లేదు. ముందు పువ్వు, తర్వాత వృత్తం. ముందుగా మధ్యలోంచి నాలుగు దిక్కులా ముఖ్యమైన గీతలు నాలుగైదు కుట్టుకుని, ఆ తర్వాత ఒక్కో భాగం నింపుకుంటూ పోవడం చాలామందికి కలిసొచ్చే పద్ధతి. ఇక్కడ మళ్లీ అదే మాట, కచ్చా కుట్లు దగ్గరగా ఉంటే ఈ వరస నియమాలు ఒకటి రెండు తప్పినా బొంత క్షమిస్తుంది, దూరంగా ఉంటే ఒక్కటి తప్పినా క్షమించదు.

ఈ నియమానికి పూర్తిగా ఎదురు నడిచే పని మన పక్క రాష్ట్రంలోనే ఉంది. కర్ణాటకలో ఉత్తర కన్నడ వైపు ఉండే సిద్దీలు, ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల వారసులు, వాళ్ల ఆడవాళ్లు కుట్టే కవంది అనే బొంత అంచు దగ్గర, ఒక మూల మొదలై చుట్టూ తిరుగుతూ లోపలికి పోయి మధ్యలో ముగుస్తుంది. పైన చెప్పిన లెక్క ప్రకారం మధ్యలో పెద్ద మూట లేవాలి. లేవకపోవడానికి కారణం ఆలోచిస్తే అసలు సూత్రం ఇంకా బాగా అర్థమవుతుంది. కవందికి ముందుగా తయారై ఉన్న పై గుడ్డంటూ లేదు. ఒక పాత గుడ్డ ముక్క తీసుకుని అంచు మడిచి అడుగు గుడ్డ మీద పెట్టి కుట్టడం, దాని పక్కన ఇంకో ముక్క పెట్టి కుట్టడం, అతకడం బొంత కుట్టడం రెండూ ఒకేసారి. పైన వదులు పోగయ్యే అవకాశమే లేదు, ఎక్కడ ఎంత కావాలో అంత ముక్కే పడుతుంది. అడుగు గుడ్డ ఒక్కదాన్ని చేత్తో సాపు చేసుకుంటూ పోతే చాలు, ఆఖరి ముక్కని మిగిలిన ఖాళీకి తగ్గట్టు మడుచుకుంటారు. అంటే మధ్య నుంచి బయటికి అన్నది శాసనం కాదు. వదులు పోవడానికి ఎక్కడో ఒకచోట దారి వదలాలి, లేదా వదులే లేకుండా చూసుకోవాలి.

ఫ్రేమ్ దగ్గర తెలుగువాళ్లు ప్రత్యేకంగా పొరబడే చోటు ఒకటుంది. మగ్గం వర్క్ చేసేవాళ్లని చూసి చూసి, ఫ్రేమ్ అంటే గుడ్డ డోలులా మోగాలని మనసులో పడిపోయింది. మగ్గం మీద ఉన్నది ఒక్క గుడ్డ, సూది నిలువుగా కిందికి పైకి వెళుతుంది, అక్కడ ఆ బిగుతు సరైనదే. బొంత చేతికుట్టులో సూది పడుకుని మూడు నాలుగు కుట్లు ఒకేసారి ఎక్కించుకుంటుంది. గుడ్డ కొంచెం కిందికి ఒంగకపోతే సూది మొన పైకి లేవదు. డోలులా బిగిస్తే కుట్టు పెద్దదవుతుంది, చెయ్యి నొప్పి పుడుతుంది, అంతకంటే ముఖ్యం, సాగిన స్థితిలో కుట్టిన గుడ్డ రింగ్ విప్పగానే వెనక్కి పోయి వరసంతా కుచ్చు పడుతుంది. 14 నుంచి 18 అంగుళాల రింగ్ బిగించాక మధ్యలో అరచేత్తో నొక్కితే గుడ్డ ఒక అంగుళం పైచిలుకు కిందికి దిగాలి. పైవైపు మాత్రమే లాగి సరిచేసే అలవాటు కూడా మానాలి. పై గుడ్డ అంచు పట్టుకుని లాగితే ఒక్క పొర సాగుతుంది, అడుగుది అలాగే ఉంటుంది, తేడా మనమే తెచ్చిపెట్టుకున్నట్టు. రింగ్ బిగించిన ప్రతిసారీ తిరగేసి కింద చెయ్యి పోనిచ్చి రాసి చూసి అప్పుడు మొదలుపెట్టాలి. కింద ఉండే ఎడమ చేతి వేలు సూది మొన తగిలిందా లేదా చూడటానికి మాత్రమే అనుకుంటారు గానీ, అడుగు గుడ్డకి ఉన్న ఒకే ఒక్క కన్ను ఆ వేలే. గరుకుగా గట్టులా తగిలితే అక్కడికక్కడే ఆగాలి. పని ఆపినప్పుడు రింగ్ వదులు చేసి పెట్టాలి, బిగించిన రింగ్ రాత్రంతా ఉంటే గుడ్డ అక్కడ వలయంలా సాగి ఉండిపోతుంది.

రింగే లేకుండా ఒళ్లో పెట్టుకుని కుట్టేవాళ్లూ ఉన్నారు, మన బొంతలు చాలావరకు నేలమీద పరిచి కుట్టినవే. తప్పేమీ లేదు. ఒళ్లో కుట్టేటప్పుడు మాత్రం బొంత బరువు మోకాళ్ల మీద నుంచి కిందికి వేలాడుతూ పై గుడ్డని ఒకవైపు లాగుతుంది, అడుగుది ఒళ్లో పోగవుతుంది. పక్కన ఒక కుర్చీయో బల్లో వేసి బరువు దాని మీద పెడితే సరి. నేలమీద కుట్టేటప్పుడు ఇంకో ప్రమాదం, చాపని కలిపి కుట్టేయడం, అది వేరే కథ.

దారం సంగతికి వస్తే, మూరెడు దారం తీసుకోవాలి, సుమారు 18 అంగుళాలు. సూదికి మళ్లీ మళ్లీ ఎక్కించడం బద్ధకమై రెండు బారల దారం తీసేవాళ్లకి అది చిక్కు పడుతుంది, అరుగుతుంది, లాగినప్పుడు ఎంత లాగామో చేతికి తెలియదు. నూలు దారం మంచిది. పాలిస్టర్ దారం కొద్దిగా సాగి కుట్టులో కూర్చుని తర్వాత వెనక్కి ముడుచుకుంటుంది, కుట్టినప్పుడు బాగానే ఉన్న వరస పొద్దున్నకి కుచ్చులా కనబడటానికి ఒక కారణం అదే. సూదులు బిట్వీన్స్ అని దొరికే పొట్టివి, 8 నుంచి 12 వరకు నంబర్లు, నంబరు పెరిగితే సూది చిన్నదవుతుంది. దూది పొర ఉన్న బొంతలో దారం పైకి కిందికి ఎక్కి దిగుతుంది కాబట్టి దానికి గుడ్డ పొడవు కంటే ఎక్కువ పొడవు కావాలి. ఆ ఎక్కువ మనం వదలాలి, అది తనంతట తాను రాదు. 12 అంగుళాల పొడవు వరసకి ఒక అంగుళంలో ఎనిమిదో వంతు దారం తక్కువ పడినా, 60 అంగుళాల గీతలో అంగుళంలో ఎనిమిదింట 5 వంతుల మేర గుడ్డ ముడుచుకుంటుంది. పక్క వరసలో అంత ముడుచుకోకపోతే ఆ రెండింటి మధ్య అడుగు గుడ్డ ఏటవాలుగా ఈడ్చుకుపోతుంది. మొదటి వారం వదులుగా, ఆఫీసు టెన్షన్ ఉన్న వారం బిగుతుగా కుట్టిన బొంతలో ఇది చూసి చెప్పేయొచ్చు.

దీనికి జపాన్‌లో సాషికో అనే చేతికుట్టు కుట్టేవాళ్లకి ఒక అలవాటుంది, ఇతోకోకి అంటారు. కొన్ని కుట్లు వేసి దారం లాగాక ఆ వరస పొడవునా గుడ్డని బొటనవేలు చూపుడువేలు మధ్య పెట్టి రాసి చదును చేస్తారు, బిగిసిన దారం గుడ్డలోకి సర్దుకుంటుంది. గీత మలుపు తిరిగే చోట వెనకవైపు చిన్న ఉచ్చు అంత దారం వదిలేస్తారు, మలుపు దగ్గర గుడ్డ క్రాస్‌లో సాగుతుంది కాబట్టి. బొంతలో వెనకవైపు ఉచ్చులు కనబడితే బాగుండదు గనక ఆ రెండోది మనకి పనికిరాదు, మొదటిది మాత్రం అచ్చంగా పనికొస్తుంది. సూదెడు కుట్లు లాగిన ప్రతిసారీ వరసని గోటితో ఒకసారి రాయడం, అంతే, రెండు క్షణాల పని.

ఇంతా చెప్పాక, ముడతే వద్దనుకోని కుట్లు కూడా ఉన్నాయని ఒప్పుకోవాలి. బెంగాల్ కాంథాలో దూది ఉండదు, పాత చీరల పొరల మీద దగ్గర దగ్గరగా పడే సన్నటి కుట్టు వల్ల గుడ్డంతా నీటి మీద గాలి వీచినట్టు చిన్న అలలు తేలుతుంది, ఆ అలలు లేకపోతే అది కాంథాలా ఉండదు. బీహార్ సుజినీ, మరాఠీ గోధడి కూడా ఈ కుటుంబంలోవే. అక్కడ కుచ్చు సమంగా, ఒక లయలో, గుడ్డంతా పరుచుకుని ఉంటుంది. మన బొంత అడుగున ఒక్కచోట కన్నుకి గుచ్చుకునే మడతకీ దానికీ పోలికే లేదు.

అప్పటికే పడిపోయిన మడత సంగతేమిటి? ఉతికితే పోతుందని సర్దిచెప్పుకోవడం మామూలే. కుచ్చు కొంత సర్దుకుంటుంది, మడత మాత్రం ఉతికాక గట్టిపడి అరుగుతుంది, ఆ గట్టు మీదే మొదట చిరుగు పడుతుంది. బియ్యపు గింజంత మడత, అదీ ప్రింట్ గుడ్డ మీద అయితే వదిలేయొచ్చు, ఎవరూ బొంతని తిరగేసి అంగుళం అంగుళం వెతకరు, వెతికేవాళ్లకి కప్పక్కర్లేదు. గోరంత కంటే పెద్దదైతే విప్పాలి. మడత ఉన్న చోటే కాకుండా దానికి రెండు వైపులా మూడేసి అంగుళాలు కుట్టు విప్పితే గానీ వదులుకి కదలడానికి చోటు దొరకదు. విప్పిన దారాన్ని కత్తిరించేయకుండా వెనక్కి లాగి ఉంచుకుంటే చివరలు ముడేసుకోవడానికి పనికొస్తుంది. అక్కడ నీళ్లు చిలకరించి వేలితో వదులుని ఆ పక్క ఖాళీల్లోకి పంచాలి, ఒకేచోటికి తోయకూడదు. పాత సూది రంధ్రాలు ఆ తడికే చాలావరకు పూడుకుపోతాయి. పంచినా ఇంకా మిగిలిందంటే, ఆ గీతని అంచుదాకా విప్పి వదులుని బయటికి పంపేయడమే మిగిలిన దారి, అది బొంతకి చుట్టూ పట్టీ వేయకముందే సాధ్యం. పట్టీ కుట్టడానికి ముందు రోజు బొంతని తీగ మీద తిరగ వైపు కనబడేలా ఆరేసినట్టు వేసి, పక్క నుంచి ఎండ పడేటప్పుడు చూస్తే ఒక్కటి కూడా దాక్కోలేదు.